అక్క భుజం మీద కెమెరా

నా ఫోన్ నిండిపోయిందని మొన్న మా కోడలు అందులో పనికిరానివి తీసేస్తూ కూర్చుంది. "అత్తమ్మా, గివన్నీ ఏంది? వట్టి తెలుపే ఉన్నది. తీసెయ్యాల్నా?" అంది. చూస్తే మబ్బు. వరసగా నలభై దాకా మబ్బు ఫోటోలు. ఆ మబ్బు వెనక హిమాలయాల్లో పేరున్న శిఖరం ఒకటి ఉందని చెబితే, ఆ పిల్ల నా ముఖం వంక జాలిగా చూసింది.

మా బావకు, అంటే మా అక్క భర్తకు, బోధన్ బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో ఉండేది. లోపల గోడకు ఒక పరదా, దాని మీద మంచుకొండ, కొండ కింద నీలి సరస్సు. వర్ని, చందూర్, రెంజల్ నుంచి వచ్చిన కొత్త జంటల్లో సగం మంది ఆ సరస్సు ఒడ్డునే కూర్చున్నారు. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు సెలవు రోజున పిల్లలకు తలలు దువ్వి తీసుకొచ్చేవారు. బావ ఎవరినీ ఓ పట్టాన వదిలేవాడు కాదు. గడ్డం పైకెత్తమనేవాడు, కొంచెం దించమనేవాడు. చివరికి అందరూ మొదట ఉన్నచోటికే వచ్చేవారు. అసలు కొండను నీటి ఒడ్డున నిలబడి తీయాలని మాత్రం ఆయనకు ఒక కోరిక. ఈ పెళ్లిళ్ల సీజన్ అయిపోనీ అంటూనే ముప్పై ఏళ్లు గడిపాడు. తర్వాత పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది గాని కుడిచేతి వణుకు పోలేదు. స్టూడియో మూసేశాడు. కెమెరా మాటెత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

నిజామాబాదు నుంచి నేపాల్ యాత్రకు బస్సు పోతోందని విని అక్కే మూడు సీట్లు రాయించింది. తోడుగా నేను. పోఖరాలో మూడు రోజులు మకాం. అక్కడి ఫేవా సరస్సు ఒడ్డు నుంచి మచ్ఛపుచ్ఛ్రే, అంటే చేపతోక అనే శిఖరం కనిపిస్తుంది, దానికి మనసైతే. మొదటి రోజు కట్ట మీద నిలబడ్డాం. రెండో రోజు పడవెక్కి, అవతలి గుట్ట కూడా ఎక్కాం. అన్నిచోట్లా మబ్బే. అక్క బలవంతం మీద బావ మెడలో కెమెరా ఉంది, మూత తీయలేదు. నేను మాత్రం కనిపించిన తెలుపునల్లా ఫోన్‌లో తీశాను. పడవ నడిపే ఆవిడ, పొద్దున్నే రండి, కనిపిస్తుందని హిందీలో ఓదార్చింది. "గా కొండకు మనమంటే ఏం కోపమో," అంది అక్క శాలువా బిగించుకుంటూ.

మూడో రోజు ఎనిమిదింటికే బస్సు. తెల్లవారుతుండగా ముగ్గురం ఒడ్డుకు చేరాం. ఛాయ్ సగం తాగామో లేదో, మబ్బు పక్కకు జరిగింది. కొన మీద లేత ఎండతో కొండ నిలబడి ఉంది. నీళ్లలో ఇంకొకటి తలకిందులుగా. బావ మూత తీసి కెమెరా ఎత్తాడు. చెయ్యి వణికింది. దించి మళ్లీ ఎత్తాడు. స్టాండు బరువని ఇంట్లోనే వదిలొచ్చాం.

"నాతోని కాదు. నువ్వు తియ్యి," అని నాకివ్వబోయాడు. ఆయన కళ్లలోకి చూడలేకపోయాను.

అక్క గ్లాసు కింద పెట్టి వచ్చి, కొండ వైపు తిరిగి ఆయన ముందు నిలబడింది. "నా భుజం మీద పెట్టు," అంది.

"నువ్వు కదులుతవ్."

"కదల. పెట్టు."

ఆయన కెమెరాను ఆమె భుజాన ఆనించాడు. కొద్దిగా వంగమన్నాడు, మళ్లీ కొంచెం లేవమన్నాడు. "ఊపిరి బిగవట్టు. నేను చెప్పేదాక ఇడవకు."

అక్క బిగపట్టింది. ముఖం ఎర్రబడుతోంది. కెమెరా మూడుసార్లు చప్పుడు చేసింది.

"అయిందా? సచ్చేటట్టున్న," అంది పళ్ల సందు నుంచి.

"ఇంకొక్కటి," అన్నాడు బావ. స్టూడియో మూసేశాక ఆయన నోట ఆ అధికారం వినడం అదే మొదలు.

ఫోటో కింది మూలన అక్క శాలువా అంచు మసకగా పడింది. కత్తిరిద్దామని వాళ్ల కూతురు అంటే బావ ఒప్పుకోలేదు. ఆయన వణుకు ఇప్పటికీ తగ్గలేదు. అయినా ఆదివారాలు అక్కను వెంటబెట్టుకుని కాలువ గట్టున కొంగల్ని తీయడానికి పోతాడు. కొంగలు ఎగిరిపోతే తప్పు అక్కది.

కొండ మాకు కనిపించింది పది నిమిషాలు కూడా కాదు. అంత దూరం బస్సు ప్రయాణం, మూడు రోజుల ఎదురుచూపు ఇప్పుడు చెప్పబోతే నాలుగు మాటల్లో అయిపోతాయి. అక్క బిగపట్టిన ఆ ఒక్క ఊపిరి మాత్రం, తలుచుకున్న ప్రతిసారీ ఇంకాస్త పొడుగవుతోంది.