గౌరి గడ్డం మీది నొక్కు

ఇలాంటి అనుభవాలు రాసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. దయ్యాలూ లేవు, తోటకూర కట్టా లేదు. పరీక్షల ముందు హాస్టల్ గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టిన తోటి డాక్టర్లని చూసి పడీపడీ నవ్వినవాణ్ణి నేను. ఇప్పుడు నేనే ఇలాంటిది రాస్తున్నాను.

కలకత్తాలో పళ్ల వరస సరిచేసే పీజీ చదివాను. ఫైనల్ పరీక్షకి పేషెంట్ల రికార్డులు పెట్టాలి. తల పక్క నుంచి తీసిన ఎక్స్‌రేని లైటు పెట్టె మీద ఉంచి, పైన పలచని షీటు పరిచి, ఎముకల గీతలు పెన్సిల్‌తో దించుకుంటాం. తర్వాత వైద్యం పూర్తయ్యాక ఆ ముఖం ఎలా ఉంటుందో లెక్కకట్టి ఇంకో షీటు మీద గీస్తాం. చేతి పొరపాటు తేలడానికి అదే బొమ్మని మూడు వేర్వేరు రోజుల్లో గీయాలని మా ప్రొఫెసర్ పట్టు.

నా కేసు గౌరి, పన్నెండేళ్ల పిల్ల. కలకత్తా పక్కన బడ్జ్ బడ్జ్‌లో, జూట్ మిల్లు కూలీల ఇళ్ల లైన్లలో ఉండే శ్రీకాకుళం వాళ్లు. కింది దవడ బాగా వెనక్కి ఉండేది. తల్లి దాని పసితనంలోనే పోయింది. అమ్మమ్మ లోకల్ రైల్లో తీసుకొచ్చేది. ఆవిడ ముందు డెంటల్ కుర్చీకి దండం పెట్టి, ఆ తర్వాతే పిల్లని కూర్చోబెట్టేది. చూసినప్పుడల్లా నాకు చిరాకేసేది.

మొదటి రోజు వైద్యం తర్వాతి గౌరి ముఖం గీసినప్పుడు గడ్డం కింద ఒక నొక్కు పడింది. బియ్యపు గింజంత. ఎక్స్‌రేలో అది లేదు, నా లెక్కలోనూ లేదు. చెయ్యి జారిందనుకున్నాను. రెండో రోజూ పడింది. ఈ గడ్డం ఏ బజార్లో కొన్నావని ప్రొఫెసర్ అందరి ముందూ వెక్కిరించాడు. మూడో రోజు ఊపిరి బిగబట్టి, కొలుచుకుంటూ గీశాను. మళ్లీ పడింది. మూడు షీట్లూ ఒకదాని మీద ఒకటి పెడితే మూడు నొక్కులూ ఒకే గీతలా కలిసిపోయాయి.

ఆ మధ్యాహ్నమే గౌరి చెకప్‌కి వచ్చింది. షీట్లు లైటు పెట్టె మీదే ఉన్నాయి. అమ్మమ్మ వాటి ముందు ఆగిపోయింది.

"ఏటి బాబూ, మా పార్వతిని నువ్వెక్కడ సూసినావు?"

పార్వతి ఆవిడ కూతురు, గౌరి తల్లి. తల్లి పోలిక కూతురికి రాక పక్కింటివాళ్లకి వస్తుందా అని విసుక్కున్నాను. ఆవిడ సరిగ్గా నొక్కు మీద వేలు పెట్టింది.

"మరి ఇదేటి? సిన్నప్పుడు జెట్టీ మెట్ల మీద పడిపోనాది. నాలుగు కుట్లేసినారు. ఆ సొట్ట అలాగే ఉండిపోనాది."

దెబ్బ తగిలి పడిన సొట్ట బిడ్డకి రాదు. గౌరి గడ్డం నున్నగా ఉంది. నాకు ఒళ్లు జలదరించింది, వెంటనే పిచ్చికోపం వచ్చింది. చదువురాని ముసలమ్మ నన్ను భయపెట్టడమేమిటి!

"ఆ కాయితం మాకిచ్చెయ్ బాబూ," అంది. వానల్లో ట్రంకుపెట్టె మునిగి ఫోటోలన్నీ పాడైపోయాయట. పిల్లకి తల్లి ముఖమే తెలియదట. గౌరి కుర్చీలోంచి లేచి వచ్చి ఆ షీటు వైపే చూస్తూ నిలబడింది.

పరీక్షకి పెట్టాల్సినవి ఇవ్వడం కుదరదన్నాను. తర్వాత ఇంకోటి గీసిస్తాను, దానికంత ఏడుపెందుకు అన్నాను. మూడుసార్లు దానంతటదే వచ్చింది కదా, నాలుగోసారి రాకేం అనుకున్నాను. ఫోన్లో ఒక ఫోటో తీసుంటే సరిపోయేది. పిచ్చి నమ్మకాలకి నేనెందుకు వంతపాడాలని తియ్యలేదు. వాళ్లు వెళ్లగానే రబ్బరు తీసుకుని మూడు నొక్కులూ చెరిపేసి, గడ్డాలు నున్నగా దిద్దాను.

పాసయ్యాను. ఎగ్జామినర్ గౌరి కేసుని మెచ్చుకున్నాడు కూడా.

తర్వాత అదే ఎక్స్‌రే, అదే పెన్సిల్ పెట్టుకుని కూర్చున్నాను. నొక్కు రాలేదు. వారం రోజులు గీశాను. పాత షీట్లని వెలుగుకి అటూ ఇటూ తిప్పి చూశాను, చెరిపిన గీత ఆనవాలు కూడా లేదు. చివరికి నాకు గుర్తున్నచోట, గుర్తున్నంత లోతుగా, కావాలనే గీశాను.

తర్వాతి చెకప్‌కి వచ్చినప్పుడు గౌరి రెండు చేతులూ చాపి ఆ షీటు అందుకుంది. అమ్మమ్మ దాన్ని కిటికీ దగ్గరకి తీసుకెళ్లి చాలాసేపు చూసింది.

"ఇది కాదు బాబూ. ఇది నువ్వు గీసినావు," అంది.

మరి ఆ మూడూ ఎవరు గీశారు? చెరిపింది మాత్రం నేనే.