గోకకండి, తట్టండి

జ్ఞానప్రకాశం మాస్టారి చొక్కా జేబులో పెన్నుండదు, నెయిల్ కట్టరుంటుంది. చేతిసంచీలో కొబ్బరినూనె సీసా ఉంటుంది. ఎదుటి మనిషి గోక్కుంటే ఆయన చూడలేరు. ఊరూ పేరూ అడక్కుండా వెళ్ళి మణికట్టు పట్టుకుంటారు. "గోకకండి, తట్టండి" అంటారు.

కొవ్వూరు పక్క పల్లెలో చర్చి వారి ఎలిమెంటరీ స్కూలుకి ఆయన హెడ్మాస్టరు. ఒకసారి రాజమండ్రి బస్సులో ఆయన పక్కన కూర్చున్నాను. ముందు సీట్లో ఒక పెద్దమనిషి మెడ వెనక బరబరా గోక్కుంటున్నాడు. బస్సు వంతెన ఎక్కేలోగా ఆ చెయ్యి మాస్టారి చేతిలో ఉంది.

"ఎవరండీ మీరు?"

"అదలా ఉంచండి. స్నానానికి నీళ్ళు మరగ్గాస్తారా?"

"వేడిగా పోసుకుంటే హాయిగా ఉంటదండి."

"ఆ హాయే కొంప ముంచేది. గోరువెచ్చగా పోసుకోండి. తుండుతో రుద్దకండి, అద్దండి. చెమ్మ ఆరకముందే కొబ్బరినూనె రాయండి."

"పోద్దంటారా?"

"పోదండి, అదుపులో ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా నాకే పోలేదు." మాస్టారు చొక్కా చెయ్యి మడిచి, కొత్త అల్లుడు ఉంగరం చూపించినట్టు, మోచేతి మడత చూపించారు. "రసి కారితే మాత్రం నా మాట వినకండి. డాక్టరు దగ్గరికెళ్ళండి."

వంతెన దిగేసరికి పెద్దమనిషి మెడ నిగనిగలాడుతోంది. కుడిచేతి గోళ్ళు కూడా కత్తిరించేశారు. ఎడంచేతివి మిగిలిపోయాయని, మాస్టారు తను దిగాల్సిన చోట దిగకుండా ఆయనతోపాటు కోటిపల్లి బస్టాండు దాకా వెళ్ళారు.

ఆ ఊళ్ళోనే ఒకరబ్బాయి పెళ్ళి మే నెలలో అయింది. టెరికాట్ సూటులో పెళ్ళికొడుకు ఒకటే గోకుడు. మాస్టారు మండపం ఎక్కి సూటు విప్పించేశారు. ఫోటోలన్నిట్లోనూ అతను నూలు బనీనుతోనే ఉన్నాడు. పెళ్ళికూతురు ఈ విషయంలో మాస్టారిని ఇంకా క్షమించలేదు.

ఏటా కోతల పండుగకి సంఘస్తులు తెచ్చిన కానుకలు చర్చిలో వేలం వేస్తారు. గుమ్మడికాయ, కోడిపుంజు ఎవరు పాడుకున్నా కొబ్బరికాయలు మాత్రం మాస్టారివే. భార్య రూతు గారు పక్కనుంచి ఆయన చెయ్యి కిందికి లాగుతూనే ఉంటారు. "ఇంట్లో పచ్చడికి చిప్ప లేదు, ఊళ్ళో వాళ్ళ ఒంటికి నూనె!"

ఒక ఏడు జూన్‌లో ఈ పిచ్చి ముదిరింది. ప్రార్థన కాగానే పిల్లలందరూ చేతులు చాపాలి. గోళ్ళు చూసి, మోచేతులకీ మోకాళ్ళ వెనకా నూనె రాసేవారు. ఎవరికీ మినహాయింపు లేదు. ఆగస్టుకల్లా వాచకంలో ఒక పేజీ తెరిస్తే వెనక పేజీ కూడా చదువుకోవచ్చు.

రైతు బుల్లబ్బాయికి ఒళ్ళు మండింది. పదిమంది తండ్రుల్ని వెంటేసుకుని, స్కూలు పెత్తనం చూసే పాస్టరు గారిని తీసుకొచ్చాడు. నేను కొవ్వూరు విలేకరిని, పేపరుకి వార్త దొరుకుతుందని నేనూ వెళ్ళాను.

"మా అబ్బాయి హరిబాబు లెక్కల పుస్తకం చూడండి. పునుగుల పొట్లం దీనికన్నా నయం. రేపట్నించి ఈ నూనె ఆపకపోతే మా పిల్లల్ని కొవ్వూరు కాన్వెంటులో వేసేసుకుంటామండి."

వాళ్ళు వెళ్ళిపోతే స్కూలు మూతపడుతుంది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

పాస్టరు గారు రాజీ మార్గం చెప్పారు. "మాస్టారూ, అవసరమున్న పిల్లలకే రాయండి. మిగతావాళ్ళని వదిలేయండి."

"అది కుదరదండి."

"ఏం? ఎవరికి అవసరమో చెప్తే సరిపోద్ది కదా?" అన్నాడు బుల్లబ్బాయి.

దురద గురించి అడిగితే మాస్టారు నోరు మెదపకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

బుల్లబ్బాయి వరసలో ఉన్న కొడుకుని పిలిచాడు. "ఒరే, నీకేవన్నా దురదుందేంట్రా?"

"లేదు నాన్నా. మా బెంచీలో ఎవరికీ లేదు. అందరికీ నూనే."

హరిబాబు పక్కనున్న పిల్లని అప్పుడు గుర్తుపట్టాను. లావణ్య, కొవ్వూరులో మా వీధి టైలరు వీరబ్రహ్మం కూతురు. అంతకుముందు ఏడు అక్కడి బడిలో ఆ పిల్ల చేతులు చూసి గజ్జి అన్నారు. ఇది ఎగ్జిమా, అంటుకోదు అని డాక్టరు చెప్పినా వినలేదు. వరండాలో విడిగా కూర్చోబెట్టారు. జూన్‌లో వీరబ్రహ్మం కాపురం ఈ ఊరికి మార్చాడు. ఇప్పుడు ఆ పిల్ల మోచేతి మడతలో చిన్న మచ్చ తప్ప ఏమీ లేదు. ఆ పిల్లకే నూనె రాస్తే జనం ఆ పిల్ల గురించి మాట్లాడతారు. అందరికీ రాస్తే మాస్టారి గురించి మాట్లాడతారు. మాస్టారు తన గురించే మాట్లాడనిచ్చారు.

బుల్లబ్బాయి కూడా ఆ మోచెయ్యి చూశాడు. తర్వాత గోడవార నిలబడ్డ వీరబ్రహ్మాన్ని చూశాడు. టైలరు తలొంచుకున్నాడు.

"ఏంటి బుల్లబ్బాయ్, ఏం చేద్దామంటావ్?" అన్నారు పాస్టరు గారు.

బుల్లబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "యూరియా బస్తాల్లో ప్లాస్టిక్ సంచులుంటాయి కదండీ, కడిగి తెస్తాను. పుస్తకాలకి అట్టలేసుకుంటే సరి. నూనెదేముందండీ, మంచిదే."

తండ్రులు మొహాలు చూసుకున్నారు. పాస్టరు గారికి ఏం జరిగిందో అంతుపట్టక, కాలరు సందులో వేలు పెట్టి మెడ గోక్కున్నారు. వేలు బయటికొచ్చేలోగా మాస్టారు మణికట్టు పట్టేసుకున్నారు.

"గోకకండి, తట్టండి."

మర్నాడు అట్టలొచ్చాయి. కాన్వెంటుకి ఎవరూ వెళ్ళలేదు. మూడో తరగతిలో హరిబాబు, లావణ్య కూర్చునే బెంచీ ముగ్గురికి సరిపోతుంది. ఆ ఏడంతా దానిమీద లావణ్యతో కలిపి నలుగురు ఇరుక్కుని కూర్చున్నారు.