కట్ల తాత ఆరా తీసిన రెండు కాళ్లు

కట్ల తాత పోయిండని కందుకూరు తొవ్వల బండి తోలేటాయన చెప్పిండు. నేను నమ్మలే. "ఏం మాట్లాడుతున్నవ్? మొన్ననే నా మోకాలు వంచి చూసి నన్ను తిట్టి పంపిండు" అని ఆయన మీదికి లేచిన. బండాయన ఎడ్లను ఆపి, తలగుడ్డ తీసి చేతుల పట్టుకున్నడు. అప్పుడు నమ్మిన. ఆయన మీద అరిచినందుకు సిగ్గయి, మాఫీ గూడ అడగకుండనే ఇబ్రహీంపట్నం దిక్కు నడిచిన.

అప్పుడు నేను ఊరిడిచి ఎందుకున్ననో ఇక్కడ రాయను. చదివేటోళ్లకు తెలుసు. తెలువనోళ్లకు తెలువకుంటనే మంచిది.

తాత కురుమాయన. గొర్ల కాళ్లకు కట్లు కట్టుకుంట కట్టుకుంట మనుషుల కాళ్ల దాక వచ్చిండు. వెదురు బద్దలు, మినప్పిండి, కోడిగుడ్డు సొన, పాత ధోతి పేలికలు, ఇంతే ఆయన దవాఖాన. కట్టు కట్టేటప్పుడు ఎవడన్న ఒర్లితే, "గొర్రె గూడ గింత ఒర్లదు బిడ్డా" అని అందరి ముందట పరువు తీసేటోడు. ఎముక అతికిచ్చుడు ఆయనకు గొప్ప గాదు. "అతుక్కునుడు దాని పని, అదే అతుక్కుంటది. నడిపిచ్చుడే మన పని" అనేటోడు.

కరపత్రాలల్ల 'శాస్త్రీయ దృక్పథం' అనే మాట చదివి, వాడకట్టు వాడకట్టు తిరిగి ఆ మాట మీద ఉపన్యాసం ఇచ్చింది నేను. అచ్చరం ముక్క రాకుండ ఆ పని చేసింది తాత. ఆ పనిని చెడగొట్టింది మళ్లీ నేనే. ఇది రాస్తున్నది అందుకే.

తాతకు ఒక తమ్ముడున్నడు. వయసుల ఉన్నప్పుడు ఆయన కాలు ఇరిగితే, తాత తన తండ్రి నేర్పిన తీరుగ కట్టు కట్టి, కట్టు తీసినంక గూడ రెండు నెలలు మంచంల నుంచి లేవనియ్యలే. ఎముక గట్టిగ అతికింది. మోకాలు మాత్రం రోకలి లెక్క బిర్రబిగుసుకపోయింది. అప్పటి సంది ఆ చిన్న తాత మంద ఎంబడి పోలే. దొడ్డి కాడ కూసోని గొంగళ్లకు ఉన్ని వడుకుతడు. తాతను తినే పురుగు అదొక్కటే. గొర్రెకు కట్టు కడితే మూడోనాడు కుంటుకుంట మందల కలుస్తది, నెలకు ఉరుకుతది. మనిషెందుకు బిగుసుకపోయిండు? పండుకోవెట్టుడు తప్పా? తమ్ముని కాలు తన చేతులనే చెడిందా? దీనికి జవాబు దేవులాడుడునే ఆయన 'ఆరా' అనేటోడు.

ఆరాకు ఒక జోడి కావాలె. ఒకటే తీరు ఇరిగిన రెండు కాళ్లు. ఆ జోడి ఆయనకు నా మూలాననే దొరికింది.

రజాకార్లు జోరు మీదున్న వానకాలం. తెల్లారుతుండంగ నేను సర్కారు తరపున ఊరి మీద పెత్తనం చేసే మా పోలీసు పటేలు ఇంటి ప్రహరి గోడ ఎక్కి, లోపటి దిక్కు కరపత్రం అంటిస్తున్న. బయటి దిక్కు అంటిస్తే ఊరోళ్లు చదువుతరు, పటేలు చదవడు గదా అని నా తెలివి. చెంబు పట్టుకోని బయటికొచ్చిన పటేలు నన్ను చూసి, "ఎవడ్రా!" అని గోడ మీదికి ఎగవడి నా కాలు గుంజిండు. పాకురు పట్టిన గోడ. ఇద్దరం ఒక్కపారే జారి రాయి మీద పడ్డం. ఇద్దరికి ఎడమ కాలే, మోకాలి కింద ఇరిగింది.

తాత వచ్చి మా ఇద్దరి కాళ్లు పిసికి చూసిండు. ఆయన మొకంల అంత సంబురం నేను ఎన్నడు చూడలే.

"ఒకటే గోడ, ఒకటే పొద్దు, ఒకటే కాలు! నా జన్మల దొరకదనుకున్న" అన్నడు.

"ముసలోడా, నేను సస్తుంటే నవ్వుతున్నవేందే?" అని పటేలు మొత్తుకున్నడు.

"నువ్వు సావవ్ పటేలా. నాకు అక్కరున్నది నీతోటి."

పటేలు నన్ను ఠాణాకు పంపుతనన్నడు. తాత కట్టు కట్టుడు ఆపి చేతులు కట్టుకోని కూసున్నడు. "ఈ పిలగాడు ఠాణాకు పోతే నా జోడి పోతది. ఆరా అయ్యేదాక ఇద్దరు నా దొడ్డి కాడ్నే ఉండాలె. అయినంక మీరు మీరు ఏమన్న చేసుకోండ్రి." పట్నం దవాఖానకు పోతే కాలు కోసి పంపుతరని పటేలుకు భయం. "సరే, ఆరా అయిపోయిన నాడే వీనికి బేడీలు" అని ఒప్పుకున్నడు. అట్ల గొర్ల దొడ్డి పక్కన వసారల రెండు మంచాలు పడ్డయ్. ఒక మంచంల దోపిడి, ఒక మంచంల పోరాటం, నడుమ పెంటికల వాసన.

నెలా పదిహేను రోజులకు ఇద్దరి కట్లు తీసిండు. ఎముకలు అతికినయ్. అసలు ఆరా ఇగ షురువు. ఒకరు తండ్రి చెప్పిన తీరు రెండు నెలలు పండుకోవాలె. ఒకరు గొర్రె తీరు ఆ పొద్దు నుంచే చంక కర్రలతోటి నడవాలె, మోకాలు వంచాలె. ఎవరు పండుకోవాలె, ఎవరు నడవాలె?

"నాకు నడుసుడు కావాలె. నాకు పనులున్నయ్" అన్న నేను.

"నీకేది కావాల్నో నిన్నడిగితే అది ఆరా ఎట్లయితది? నాకేది కావాల్నో నన్నడిగినా కాదు" అని తాత ఒక గొర్రెపిల్లను తెచ్చి రెండు మంచాల నడుమ ఇడిచిండు. అది ఏ మంచం కాడికి పోతే ఆ మనిషి నడవాలె. గొర్రెపిల్ల నన్ను ఒకపారి చూసి, పోయి పటేలు మంచం కోడును నాకింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గొర్రె గూడ దొరల దిక్కేనా?" అని లేవబోయిన. "పండుకో" అన్నడు తాత. నేను పండుకున్న.

సంత నాడు సంత నాడు కొలత. మమ్ముల బోర్ల పండుకోవెట్టి, కాలు వంచి, మడిమె కాడి నుంచి పిర్ర దాక నులక తాడుతోటి కొలిచి ముడి ఏసేటోడు. ఎవని తాడు పొట్టిగయితే వాని మోకాలు మంచిగ వంగుతున్నట్టు. గూటానికి ఒక దిక్కు నడిచేటోని తాడు, ఇంకో దిక్కు పండుకునేటోని తాడు ఏలాడేటియి.

పొద్దున తాత మందను తోలుకపోతే మాపటికే వచ్చుడు. చిన్న తాత ఇంటెనక ఎండల ఉన్ని వడుకుతుండేది. వసారల ఇద్దరమే. నాకు అనుమానం మొదలైంది. మంచి వైద్యం పటేలుకు, చెడ్డది నాకు. నన్ను మంచంల పడేస్తే దళంల చేరననేగదా ఈ కుట్ర? రెండోనాడే గోడ పట్టుకోని లేచిన. నడిచిన. మోకాలు వంచిన. పానం పోయినట్టయింది, అయినా వంచిన.

తలకాయ తిప్పి చూస్తే, నడవాల్సిన పటేలు ముసుగు తన్ని పండుకున్నడు.

"ఏం పటేలా, నడుస్తలేవ్?"

"నేనెందుకు నడుస్త రా? నడుసుడు కూలోల్లకు. కాలు బాగుగావాల్నంటే కదలొద్దు, గిది పసిపోరనికి గూడ తెలుసు. ఈ ముసలోడు నన్ను నడిపిచ్చి నడిపిచ్చి కుంటోన్ని చేద్దామని చూస్తుండు. నీకేమో మంచంల పండుకునే సుఖం! నువ్వు వాని మనిషివి గాబట్టి."

వానిది తప్పని చెప్తే వాడు నడుస్తడు. వాడు నడిస్తే నాకేం ఒరుగుతది?

"నువ్వు చెప్పకు, నేను చెప్ప" అన్న.

"ఒప్పందం" అన్నడు పటేలు. వర్గ శత్రువుతోటి నేను జేసుకున్న ఒప్పందం అదొక్కటే. చెప్పుకుంటే సిగ్గు గాని, ఇద్దరం మస్తుగ పాటించినం. మాపటికి గొర్ల అరుపులు ఇనవడంగనే నేను ఉరికి పండుకునేది, వాడు ఆపసోపాలు పడుకుంట కర్రలు పట్టుకోని నిలవడేది. "ఎంత నడిచినవ్ పటేలా?" అని తాత అడిగితే, "చెరువు కట్ట దాక" అనేటోడు. మొకాన చెంబెడు నీళ్లు చల్లుకోని చెమట అని చూపిచ్చేటోడు.

ఆ నడుమనే పోలీసు యాక్షన్ వచ్చింది. మిలిటరీ బండ్లు పోతుంటే దుమ్ము వసార దాక వచ్చింది. రాజ్యం మారింది, మా మంచాలు మాత్రం మారలే. పటేలు రెండు రోజులు గొర్ల నడుమ గొంగడి కప్పుకోని దాక్కున్నడు. మూడోనాడు ఖద్దరు టోపీ తెప్పిచ్చుకోని పెట్టుకున్నడు. "ఇప్పుడు గూడ నిన్ను ఠాణాకే పంపుత రా. కొత్త ఠాణాకు" అన్నడు.

రెండు నెలలు నిండినయ్. తాత ఆఖరి కొలత తీసిండు. పండుకున్న నా తాడు జానెడు గూడ లేదు. నడిచిన పటేలు తాడు మూరన్నర దాటింది, వాని మోకాలు తలుపు గడె లెక్క నిలవడ్డది.

తాత రెండు తాళ్లను పక్కపక్కన పట్టి మళ్లొకపారి చూసుకున్నడు. కోపగించుకుంటడనుకున్న. నవ్విండు. చిన్నగ, లోపటికెల్లి.

"అయితే నాయినదే నిజం. పండుకోవెట్టుడే మంచిది. తమ్ముని కాలు నేను చెడగొట్టలేదన్నట్టు" అన్నడు. ఆయన భుజాల మీదికెల్లి ఏదో దిగిపోయింది, నేను కండ్లార చూసిన. పోయి తమ్ముని పక్కన కూసోని, కారణం లేకుండ ఆయన తొడ మీద చెయ్యి ఏసిండు.

చెప్తే ఆ నవ్వు పోతది. చెప్పకపోతే?

చెప్పకపోతే ఏమయితదో తెల్లారే తెలిసింది. కొంగరకలాన్ దిక్కు నుంచి బండలు కొట్టే అక్క ఒకామె బండిల వచ్చింది. ఆమె కాలుకు తాతనే కట్టు కట్టిండు. ఆ పొద్దు కట్టు తీసేది. తీసి, మంచిగ అతికింది బిడ్డా అని మెచ్చుకోని, "ఇగ రెండు నెలలు మంచం దిగకు" అన్నడు.

"రెండు నెలలు పండుకుంటే పిల్లలకు బువ్వ ఎవడు పెడ్తడు తాతా?"

"నేనేం చెయ్యాలె బిడ్డా? ఆరా తేలింది. నడిస్తే గిట్లయితది" అని పటేలు కాలు చూపిచ్చిండు.

ఆ అక్క పటేలు కాలును చూసి కండ్ల నీళ్లు పెట్టుకున్నది. పటేలు టోపీ సదురుకోని గోడ దిక్కు తిరిగిండు.

"తాతా, వాడు నడవలే!" అన్న. నోట్లకెల్లి తన్నుకోని వచ్చింది. "నేను పండుకోలే. నువ్వు మందకు పోంగనే నేను లేచేది, వాడు పండేది. దినాం అంతే."

"ఒరేయ్, ఒప్పందం!" అని పటేలు గావుకేక పెట్టిండు.

తాత నన్ను చూసిండు, పటేలును చూసిండు. కర్ర తీస్తడనుకోని నేను ఎనకకు జరిగిన. ఏనాడు లేంది ఆ పొద్దు మోకాలు మస్తుగ వంగింది.

"మీ ఇద్దరికి కాళ్లు గాదురా, నోళ్లు ఇరగాలె. అప్పుడు ఏ పిండి కట్టకపోదును" అన్నడు. లేచి గూటం కాడికి పోయిండు. నా తాడు తీసి పటేలు తాడు ఉన్న కాడ ఏసిండు, పటేలుది తెచ్చి నా కాడ ఏసిండు. "తాళ్లు మంచిగనే ఉన్నయ్. మనుషులే తప్పిండ్రు. లే బిడ్డా, నడువు" అని అక్క చంకకు కర్ర ఇచ్చిండు.

ఆమె ఆ వసారల నాలుగడుగులు ఏసింది. ఒర్లింది. "గొర్రె గూడ గింత ఒర్లదు" అని తాత అనలే.

తర్వాత తమ్ముని కాడికి పోయిండు. నేను ఎనక నిలవడ్డ. "తమ్మీ, నీ కాలు నేనే చెడగొట్టిన. ఇప్పుడు తేలింది" అన్నడు. చిన్న తాత ఉన్ని వడుకుడు ఆపలే. "నాకు ఎప్పుడో తెలుసన్నా. దినాం గొర్లను నేను గూడ చూస్తున్న గదా. నువ్వు అడగలే, నేను చెప్పలే" అన్నడు. జరసేపు ఆగి, "నూనె పెట్టి వంచుతవా, వంచు. చూద్దాం" అని కాలు చాపిండు.

ఆ పొద్దే పటేలు కొత్త ఠాణాకు మనిషిని పంపబోయిండు. తాత అడ్డం నిలవడ్డడు. "మాట మాటే పటేలా. ఆరా అయిపోలే. ఈ అక్క కాలు చూడాలె. నీ కాలు మళ్ల మొదటికెల్లి వంచాలె. తమ్మునిది చూడాలె." అట్ల ఆరా సాగింది. అక్క మూడు నెలలకు మళ్ల బండల కాడికి పోయింది. చిన్న తాత మోకాలు నాలుగు వేళ్ల మందం వంగింది, అంతకు మించి వంగలే. పటేలుది ఎన్నిపార్లు వంచినా వంగలే. నేను ఎక్కడున్నా, నెలకొకపారి వచ్చి కాలు చూపిచ్చి పోవాలె. వచ్చినప్పుడల్ల తిట్లు. వచ్చినప్పుడల్ల పటేలు, "ఇంక కాలేదా నీ ఆరా?" అని అడుగుడు. తాత, "కాలే" అనుడు. నా కాలు ఎప్పుడో బాగైంది. అయినా ఆయన తాడు తీసి కొలిచేటోడు. అది నా కాలు కోసం గాదని నాకు తెలిసేసరికి ఆయన లేడు.

పొద్దున దొడ్డి తడిక తీయబోయి అక్కడ్నే ఒరిగిండట. నేను పోయేసరికి పాడె కట్టిండ్రు. పటేలు ఖద్దరు టోపీ లేకుండ నిలవడ్డడు. నన్ను చూసిండు. ఠాణా అక్కడికి కూత దూరం. నేను గూడ ఆయన కండ్లల్లకు చూసిన, ఉరుకుడా నిలవడుడా అని.

"ఇగ అయిపోయింది గదా పటేలా, ఆరా" అన్న.

ఆయన ముక్కు చీదిండు. "ముందుగాల ఆ కొస పట్టు రా. నీది పొట్టి తాడు" అన్నడు.

ముందు రెండు కొసలు మేమిద్దరం పట్టినం. పోలీసు పటేలు కురుమాయన పాడె మోసుడు ఊరు ఎన్నడు చూడలే. పటేలు కాలు వంగదు, ప్రతి అడుగుకు దాన్ని పక్కకెల్లి తిప్పి ఏస్తడు. పాడె నా దిక్కు ఒరిగేది, నేను మోకాలు వంచి సదిరేది. ఎనక నుంచి బండల అక్క, "జర మెల్లగ, తాత పడ్తడు" అని ఇద్దర్ని తిట్టుకుంట వచ్చింది.

గుట్ట కింద బొందపెట్టి వచ్చేటప్పుడు నేను ఒక్కన్నే ఎనకవడ్డ. గాలి లేదు. బండ్ల తొవ్వల దుమ్ము మెత్తగున్నది. ఒక దిక్కు పోయేటప్పటి నా అడుగుల జాడలు సక్కగ ఉన్నయ్. పక్కనే పటేలు కాలు గీసిన సగం చందమామలు, ఒకదాని ఎంబడి ఒకటి, ఒకటే ఎడంతోటి, గుట్ట దాక.