నాకు పెట్టిన విస్తరి

శవంగా పడుకోవడం తేలిక అనుకుంటారు జనం. ఏముంది, కళ్లు మూసుకుంటే సరిపోయె కదా అని నా మొహం మీదే అన్నవాళ్లున్నారు. వాళ్లని ఒక్కరోజు ఆ చల్లటి స్టీలు బల్ల మీద పడుకోబెట్టాలి, తెలుస్తుంది. కెమెరా దగ్గరికొచ్చినప్పుడు ఊపిరి పొట్టలోనే తిరగాలి, ఛాతీ దాకా రాకూడదు. కళ్లు తెరుచుకుని చావాల్సి వస్తే పైకప్పులో ఒక మేకునో మచ్చనో ముందే చూసి పెట్టుకోవాలి. ఇక పక్కన పిడుగు పడ్డా చూపు అక్కడి నుంచి కదలకూడదు. బ్రిటన్ టెలివిజన్‌లో ముప్పై ఏళ్లకు పైగా నటించాను. నర్సుగా, కొట్టు నడిపే ఆవిడగా, పెళ్లికూతురి తల్లిగా వేశాను. కానీ నన్ను ఎక్కువగా పిలిచింది చావడానికే. బాగా చస్తానని నాకు పేరు.

పుట్టింది మలేషియాలో, బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు ఎస్టేటులో, కూలీల లైను ఇళ్లలో. తాతది శ్రీకాకుళం వైపు. అక్క నాకన్నా ఏడేళ్లు పెద్ద. తెల్లవారకముందే అమ్మతో పాటు వెళ్లి రబ్బరు పాలు తీసి వచ్చేది, ఆ చేతుల వాసనతోనే నాకు జడ వేసి బడికి పంపేది. పంతొమ్మిదో ఏట నర్సు చదువుకని ఇంగ్లండు వెళ్లాను. ఆసుపత్రిలో సరదాకి వేసిన నాటకం చూసి ఎవరో టెలివిజన్‌కి పిలిచారు, అంతే, మళ్లీ సూదీ మందూ పట్టుకోలేదు.

"నిన్ను ఏటి సేయమంటారే అక్కడ?" అని అక్క ఫోన్లో అడిగింది.

"చావమంటారక్కా."

చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత, "నాను అలాటివి సూడను," అంది. అన్నట్టే నా నటన ఒక్కసారి కూడా చూడలేదు.

అమ్మ పోయినప్పుడు నేను రాలేదు. ఆ వారమంతా ఒక సీరియల్‌లో మార్చురీ బల్ల మీద ఉన్నాను. లేచి వస్తే ఆ వేషం ఇంకొకరికి పోతుందని భయపడ్డాను. ఇన్నేళ్లూ ఏవేవో సాకులు చెప్పుకున్నాను కానీ నిజం అదొక్కటే. అక్క ఫోన్ చేసింది. ఏడవలేదు, అరవలేదు.

"నీకు సావు ఆటయిపోనాదే. రేపు నువ్వు సచ్చినా మాకు కబురెట్టకు."

నాకు మాత్రం ఉప్పూ కారం లేవా? "సరే, పెట్టను," అని ఫోన్ ఠపీమని పెట్టేశాను.

మూడేళ్లు మాటల్లేవు. ఆ తర్వాత, నేను పదకొండేళ్లుగా కొట్టు ఆవిడ వేషం వేస్తున్న సీరియల్‌లో నన్ను చంపేశారు. కథలో నా అంత్యక్రియల రోజున గోడకి నా ఫొటో ఉండాలన్నారు. మనవాళ్ల ఇళ్లలో ఎలా ఉంటుందో నేనే దగ్గరుండి చెప్పాను: నుదుటి చోట గంధం, కుంకుమ, చందనపు చెక్కల దండ, కింద చిన్న ఎర్ర బల్బు. షూటింగ్ అయ్యాక సామాన్లు చూసే ఆవిడ కావాలంటే తీసుకెళ్లమంది. నా బుద్ధి గడ్డి తింది. ఆ ఫొటోని దండతో సహా కట్టి అక్కకి పోస్టులో పంపాను. లోపల ఒక చీటీ పెట్టాను: 'చూడక్కా, చివరికి నన్ను చంపేశారు. నవ్వేసి ఫోన్ చెయ్యి.' రాసింది ఇంగ్లీషులో. తెలుగు మాట్లాడ్డమే తప్ప అక్షరాలు నాకప్పుడు రావు. ఈమధ్యే ఆదివారం క్లాసులో పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

ఫోన్ రాలేదు. ఆవిడకంత పంతమైతే నాకు లేదా అని నేనూ బిగదీసుకుని కూర్చున్నాను. అలా పన్నెండేళ్లు గడిచాయి. దండ వేసిన ఫొటో ఇంటికి వస్తే మనవాళ్లకి దానికి ఒక్కటే అర్థమని నాకు తట్టలేదు. అలాంటి ఫొటోల కిందే చాప వేసుకుని పడుకుని పెరిగినదాన్ని. ఇంగ్లండులో ఉండీ ఉండీ నాకు దండ కూడా షూటింగ్ సామానైపోయింది.

పని మానేశాక, పోయినేడు దీపావళికి రెండు నెలల ముందు మలేషియా వచ్చాను. అక్కా, అక్క కూతురూ కువాలా సెలంగోర్‌లో ఉంటున్నారని మా పాత లైనులోని ఒకావిడ చెప్పింది. టాక్సీలో వస్తుంటే దారంతా ఆయిల్ పామ్ తోటలే, ఒక్క రబ్బరు చెట్టు కనిపించలేదు. వరస ఇళ్లలో చివరి ఇల్లు. అక్క కూతురు గేటు దగ్గర మొక్కలకి నీళ్లు పెడుతోంది. ఎవరు కావాలని మలయ్‌లో అడిగింది. అడిగి నా మొహం చూసి ఆగిపోయింది. చేతిలోని గొట్టం జారి నీళ్లు నేల మీద పారుతున్నాయి. తర్వాత ఆ పిల్ల చూసింది నా కాళ్ల వంక. పాదాలు ముందుకే ఉన్నాయా, వెనక్కి తిరిగి ఉన్నాయా అని.

"పిన్నీ?" అంది, రెండడుగులు వెనక్కి వేసి.

లోపలికెళ్తే గోడ మీద నాన్న, అమ్మ, వాళ్ల పక్కన నేను. నా కింద ఎర్ర బల్బు వెలుగుతోంది. నన్ను నేను తెర మీద చచ్చి చూసుకున్నాను, చాలాసార్లు. ఇంట్లో, అమ్మ పక్కన, గంధం కుంకుమలతో చూసుకోవడం వేరు.

అక్క పేము కుర్చీలో కూర్చుని ఉంది. సగానికి సగమై పోయింది. మతి కూడా ఒక రోజు ఉంటే ఒక రోజు ఉండడం లేదట. నన్ను తేరిపార చూసింది. బెదరలేదు, ఆశ్చర్యపోలేదు.

"ఏటే, అప్పుడే వచ్చేసినావు? దీపాలి ఇంకా రెండు నెల్లుంది గదా." కూతురి వైపు తిరిగింది. "దీనికి ఇస్తరి ఇప్పుడే ఎయ్యాలేటి?"

నేను వంటింటి వైపు నడిచాను.

వంటింట్లో ఆ పిల్ల నాకంతా చెప్పింది. పార్సిల్ వచ్చిన రోజు అక్క ఫొటో చూసి కూలబడిపోయిందట. చావు కబురు తెచ్చిన ఉత్తరం ఇంట్లో ఉంచకూడదు కనుక తనకి చదవడం రాని ఆ చీటీని ఎవరికీ చూపించకుండానే చింపేసిందట. నాకు పదకొండో రోజు కూడా చేశారట. అప్పటి నుంచి ఏటా దీపావళి ముందు రోజు, పెద్దలకు పెట్టేటప్పుడు, అమ్మానాన్నల పక్కన నాకూ ఒక విస్తరి. ఎండుచేపల పులుసు, ఉడకబెట్టిన కర్రపెండలం, ఒక కొత్త చీర, ఒక లిప్‌స్టిక్.

"నటి గదా, అక్కడ కూడా పూసుకోవాల అనేది అమ్మ. చీరలు నేను కట్టుకున్నాను పిన్నీ. ఇవి మాత్రం ఎవురూ ముట్టలేదు."

బిస్కెట్ డబ్బా మూత తీసి చూపించింది. లిప్‌స్టిక్‌లన్నీ ముదురు ఎరుపు. ఒక్కదానికీ మీది కాగితం ఊడలేదు.

"నువ్వైనా కంప్యూటర్లో నా కోసం వెతకలేదుటే?" అన్నాను కోపంగా. తప్పు నాదై ఉండీ కోపం నాకే వచ్చింది.

"సచ్చిపోయినోళ్లని ఎవురు వెతుకుతారు లా, పిన్నీ?" అంది, ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "అమ్మ రోజూ సాయంత్రం నీ ఫొటోతో ఒకే మాటంటాది. నా మాట తగిలే పోనావు, నన్ను తిట్టు అంటాది. తనే నిన్ను సంపేసినానని అనుకుంటాది. డాక్టరు ఎక్కువ దినాలు లేవన్నాడు. ఆ బాధతో అమ్మ పోకూడదు."

అప్పటి నుంచి నాకు అదే పని. బతికి ఉన్నానని అక్కకి నమ్మకం కలిగించాలి, అదీ తొందరగా. ఆవిడ చెయ్యి తీసి నా గుండె మీద పెట్టుకున్నాను. "పెద్దోలు వచ్చినప్పుడు ఇలాగే ఎచ్చగుంటారు," అంది. పాస్‌పోర్టు చూపించాను. ఫొటో బాగుందంది. నీ మాట నాకు తగల్లేదక్కా అని ఎన్నిసార్లు చెప్పానో. "ఆకలితో వచ్చినోలు అబద్దాలాడతారు. ఇస్తరి తిన్నాకే నిజం సెబుతారు," అనేది. రోజూ నీ ఎదుటే తింటున్నాను కదక్కా అంటే, అది నీ ఇస్తరి కాదు గదా అనేది.

విసిగిపోయి ఒకరోజు గోడ మీది ఫొటో తీసేశాను. ఆ చోట గోడ తెల్లగా మిగిలింది. అక్క అది చూసి ఆ రోజంతా మెతుకు ముట్టలేదు.

"నీ సోటు ఏదే? సోటు లేకపోతే మల్లీ ఎక్కడికి పోతావే?" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నా కోసం, నా చెయ్యే పట్టుకుని ఏడ్చింది! మర్నాడు పొద్దున్నే ఫొటో తగిలించి, నా చేత్తోనే బల్బు వేశాను.

దీపావళి ముందు రోజు మధ్యాహ్నం పూజ గదిలో మూడు విస్తళ్లు వేశారు. పెట్టాక బతికున్నవాళ్లందరూ బయటికి వచ్చేసి తలుపు మూయాలి, పెద్దలు ఎవరూ చూడకుండా వచ్చి తింటారు. కాసేపయ్యాక మూడుసార్లు తలుపు తట్టి, తిన్నారా అని అడిగి అప్పుడు తియ్యాలి. మా తాతల నాటి నుంచి అంతే. అక్క కుర్చీని తలుపు ఎదురుగా వేయించుకుంది. నేను వంటింటి వైపు నుంచి వెళ్లి గది వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. అక్క కూతురు నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు లా పిన్నీ. బతికినోళ్లు లోపలుండకూడదు."

"నేను బతికున్నానని ఈ ఇంట్లో ఎవరే నమ్మింది?" అని విదిలించుకుని లోపలికెళ్లాను.

కిటికీ తెర వేసి ఉంది. ఫ్యాను ఆపేశారు. ఎన్ని మార్చురీ సెట్లలో పడుకున్నానో, ఎక్కడా భయపడలేదు. ఇక్కడ భయం వేసింది. నా విస్తరి ముందు కూర్చున్నాను. చీర భుజాన వేసుకున్నాను, లిప్‌స్టిక్ కాగితం చించి అద్దం లేకుండానే పూసుకున్నాను. తిన్నాను. అంతా తిన్నాను, పులుసు వేళ్లతో ఊడ్చుకుని మరీ. పక్కన అమ్మ విస్తరి దగ్గర పెట్టిన టీ మీద మీగడ కట్టి ఉంది. చూస్తుండగానే అది కొంచెం ముడతపడి ఒక పక్కకి జరిగింది. గదిలో గాలి లేదు. నేను మళ్లీ అటు చూడలేదు, గోడ మీద ఒక మేకుని చూస్తూ కూర్చున్నాను.

తలుపు మీద మూడు దెబ్బలు.

"సెల్లీ, తిన్నావేటే?"

"తిన్నానక్కా."

"పులుసు?"

"ఉప్పు తక్కువయ్యింది." పెద్దలకు పెట్టేది రుచి చూడకూడదు కదా, అందుకని.

అవతల అక్క నవ్వింది. నేను వచ్చాక నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగాక అడిగింది.

"నా మాట తగిలి పోనావేటే?"

అక్కా, నేను బతికే ఉన్నానే అనాలనిపించింది. నోటి చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"నీ మాట కాదక్కా. నిద్దర్లో పోనాను. నొప్పి కూడా తెలీలేదు."

"నిజమేనా?"

"ఇస్తరి తిన్నాక అబద్దం ఆడతారేటి?"

అక్క బావురుమంది. లైను ఇళ్లలో ఆడవాళ్లు ఏడ్చినట్టు, వీధికంతా వినపడేలా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీది, "సరే, ఇంక ఎల్లు. జాగర్తగా ఎల్లే," అంది. నేను వెనక తలుపు నుంచి బయటికి వచ్చి నీళ్ల తొట్టి దగ్గర మూతి కడుక్కున్నాను. నా నటన అక్క చూడనంది కానీ, ఆ రోజు తలుపు అవతల నుంచి విన్నది.

ఖాళీ విస్తరి చూసి అక్క పొంగిపోయింది. పక్కింటి చీనా ముసలావిడకి కూడా తమిళమూ మలయూ కలిపి చెప్పింది, ఈ ఏడు మా చెల్లి అంతా తినేసిందని. సాయంత్రం వెళ్లి పక్కన కూర్చున్నాను. నా వైపు మర్యాదగా చూసింది.

"నువ్వెవరమ్మా?" అంది.

చెల్లిని పంపించేసింది కదా. ఇక వచ్చింది ఎవరో పరాయిదై ఉండాలి. మొహం కదలనివ్వలేదు. నర్సునని చెప్పాను. మిగిలిన పంతొమ్మిది రోజులూ నర్సుగానే చేశాను: ఒళ్లు తుడిచాను, మందులు వేశాను, జడ వేశాను. నన్ను నర్సమ్మా అని పిలిచింది. ఫొటోని మళ్లీ ఒక్కసారి కూడా తిట్టమని అడగలేదు. నిద్దర్లోనే పోయింది.

ఈ ఏడు, ఏడాది నిండలేదని పండుగ చేసుకోలేదు. పెద్దలకు మాత్రం పెట్టాం. నా ఫొటో నేనే తీసేశాను, ఆ మేకుకి అక్క ఫొటో వచ్చింది. మూడు విస్తళ్లే మళ్లీ. తలుపు మూసి, "నువ్వే అడుగు పిన్నీ," అంది అక్క కూతురు.

మూడుసార్లు తట్టాను. "అక్కా, తిన్నావేటే?"

చెవి తలుపుకి ఆనించి ఆగాను. పొట్టలో దాచుకున్న ఊపిరైనా నాకు తెలుస్తుంది, అది నా వృత్తి. ఎంతసేపు నిలబడ్డానో. లోపల నుంచి ఏమీ రాలేదు.

మా అక్కకి నటించడం రాదు.