పెద్దమ్మ కాఫీ సెట్టు వెండిదేనా?

బెంగళూరులో లోహాల చదువు ముగించి కుప్పంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా వాళ్ళు ఏ గిన్నె మెరిసినా నన్నే పిలిచేవారు. అలాగే ఒకసారి పుంగనూరు నుంచి పెద్దమ్మ కబురు పెట్టింది.

మా అమ్మమ్మ మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో దొరసాని డాక్టరమ్మకు వంట చేసేది. డాక్టరమ్మ తమ దేశానికి వెళ్ళిపోతూ తన కాఫీ సెట్టు ఆమెకిచ్చింది. అమ్మమ్మ పోయాక అది పెద్దమ్మకు వచ్చింది. పెద్దమ్మ ఊరుకోక, ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, ఆ వెండంతా కరిగించి అమ్మ పేరున ప్రభువు బల్లకు, సంఘమంతా ద్రాక్షరసం తాగే గిన్నె చేయిస్తానని మాటిచ్చేసింది. కంసాలి మాత్రం, కుంపటి వెలిగించే ముందు తెలిసినవాళ్ళకు చూపించుకోమన్నాడట.

"ఇంగ నువ్వుండావు గదప్పా. వెండేనని ఒక్క మాట సెప్పేయ్," అంది.

నేను ఒక్క మాటతో తేల్చే రకం కాదు. కాగితం మీద గళ్ళు గీసుకుని మొదలుపెట్టాను: కాఫీ కూజా, పాల చెంబు, చక్కెర గిన్నె, పళ్ళెం. కూజా అడుగున చిన్న చిన్న చట్రాల్లో నాలుగు ఇంగ్లీషు అక్షరాలున్నాయి.

"అదే వెండి ముద్ర," అంది పెద్దమ్మ.

కాదు. పూత వేసిన సామాను అని చెప్పే ముద్ర అది. అయినా ముద్రనే నమ్మి ఊరుకోకుండా, పాల చెంబును ఒకసారి మామూలుగా, ఒకసారి నీళ్ళలో ముంచి తూచాను. వెండికి ఉండవలసిన సాంద్రత లేదు. కూజా కొమ్ము దగ్గర, పిడి కింద పసుపు చాయ తేలింది.

"జర్మన్ సిల్వర్ మీద వెండి పూత, పెద్దమ్మా. పేరుకే సిల్వర్, ఉండేది రాగి, నికెల్, జింకు. కరిగిస్తే గిన్నెకు సరిపడా వెండి రాదు."

"డాక్టరమ్మ తాగేటప్పుడు తెల్లగా ఉండెనే! యాల పసుపొచ్చె?"

"అమ్మమ్మ దేంతో తోమేది?"

"శనివారం శనివారం చింతపండు, ఇటికపొడి. ఇత్తడి బిందె కంటే మెరవాలని..." ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓయమ్మా! వెండినంతా తోమి తూములో పోసేసిందా?"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. అంతలోనే పెద్దమ్మ మొహం చిన్నబోయింది.

"సంఘం ముందర మాటిచ్చినానప్పా. ఇప్పుడు ఏమని సెప్పేది?"

నా కాగితంలో ఇంకా చక్కెర గిన్నె గడి ఖాళీగా ఉంది. దాన్ని తీసి చూస్తే లోపలా బయటా పూత మీద గీత కూడా లేదు. చీమలకు భయపడి అమ్మమ్మ చక్కెరను డబ్బాలోనే పోసుకుని, ఈ గిన్నెను గుడ్డ చుట్టి పెట్టెలో దాచిందట. మూత తీసి బల్లమీద పెట్టాను. పొట్టి కాలు మీద నిలబడ్డ గుండ్రటి గిన్నె, రెండు వైపులా రెండు పిడులు.

"కరిగించేదెందుకు? ప్రభువు బల్లకు ఇదే గిన్నె అనుకో."

"సక్కెర గిన్నెనా? జనం నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ. చింతపండు మాత్రం తగలనీకు."

తర్వాతి ఆదివారం పెద్దమ్మ లేచి, ముద్ర దగ్గర నుంచి ఇటికపొడి దాకా అన్నీ దాచకుండా చెప్పింది. సంఘమంతా నవ్వింది, పాస్టరుగారూ నవ్వారు.

"మెత్తగుడ్డతో తుడిచే పని నీదేనమ్మా," అంటూ గిన్నె అందుకున్నారు.

ఆ రోజు ప్రభువు బల్ల ముందు వరుసలో పెద్దమ్మ పక్కన చేతులు వణికే ఒక ముసలామె మోకరించింది. గిన్నె దగ్గరికి రాగానే రెండు పిడులూ రెండు చేతులతో పట్టుకుని తాగింది. పెదవులు తుడుచుకుంటూ, గుసగుస అనుకుని గట్టిగానే అనేసింది:

"ఇది పట్టుకునేదానికి బాగుండాదిమ్మా. పాతదాంట్లో సగం రసం నా సీర మీదనే పడతాండె."

పెద్దమ్మ తల వంచుకునే ఉంది గానీ, భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి.