గడ్డకట్టిన సముద్రంలో అన్న

కరోనా రెండోసారి సూరత్‌ను కమ్మిన ఆ ఏప్రిల్‌లో మా అన్న బోత్నియా సింధుశాఖలో ఉన్నాడు. స్వీడన్‌కూ ఫిన్లాండ్‌కూ నడుమ, ఉత్తరానికి చొచ్చుకుపోయిన సముద్రం అది. సరుకు ఓడలో ఫిట్టరు పని. దిగాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయినా ఏ రేవులోనూ మనుషుల్ని దిగనివ్వడం లేదు.

మేము సూరత్‌లోని నవాగామ్‌లో ఒక్క గదిలో తలుపేసుకుని ఉన్నాం. బాపు పనిచేసే మగ్గాల కార్ఖానా మూతపడింది. ఆ రోజు అన్న ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టాను.

"చెల్లే, మా వంటాయనకు జరమొచ్చింది. వేరే గదిల ఉంచిన్రు. నేనే తలుపుకాడ అన్నం పెట్టొస్తున్న."

"నువ్వెందుకు పోతున్నవన్నా?"

"అందరు భయపడ్తున్నరు, ఇంకెవలు పోతరు? అమ్మకు చెప్పకు. ముందట సముద్రం మొత్తం గడ్డకట్టింది. మంచు పగలగొట్టే ఓడ వస్తెనే కదులుతం."

లైను తెగిపోయింది. అమ్మ నా పక్కనే కూర్చుని అంతా విన్నది.

"సముద్రం గడ్డకట్టుడేంది బిడ్డా?"

ఫోన్‌లో మ్యాప్ తెరిచి చూపించాను. చుట్టూ నదులొచ్చి కలుస్తాయి కాబట్టి అక్కడి నీళ్ళలో ఉప్పు తక్కువని, అందుకే తొందరగా మంచవుతుందని చెప్పాను. బాపుకు తెలిసిన సముద్రం సూరత్ పక్కనున్న డుమస్ తీరంలోదే. అక్కడ నీళ్ళు వెనక్కి పోతే కనుచూపుమేర బురద తేలుతుంది. ఆయన మ్యాప్‌లో పైకొస మీద వేలు పెట్టాడు.

"ఇటుకెల్లి బయటికి తొవ్వ లేదా?"

"లేదు బాపు. పోయిన తొవ్వనే కిందికి రావాలె. డెన్మార్క్ కాడ సన్నటి సందులు దాటితేనే పెద్ద సముద్రం."

బాపు ఆ దారి పొడవునా వేలు కిందికి జరిపి చూశాడు.

తర్వాత అన్న నుంచి కబురు లేదు. పక్క గల్లీలో అంబులెన్స్ ఆగినప్పుడల్లా అమ్మ కిటికీ మూసేది. అంతలోనే బాపుకు దగ్గు పట్టుకుంది. మాకు అంటుతుందని ఆయన చాప తీసుకుని గది బయట కింది మెట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. కింద నుంచి దగ్గు వినపడితే భయం, వినపడకపోతే ఇంకా భయం.

ఒక మధ్యాహ్నం ఫోటో వచ్చింది. తెల్లటి మంచు మధ్య నల్లటి నీటి చార, ముందు మంచు పగలగొట్టే ఓడ వెనుకభాగం. దాంతోపాటే అన్న గొంతు: "బయటపడ్డం. వంటాయన లేచి కూసున్నడు, చాయ్ అడిగిండు. బాపు ఎట్లున్నడు?"

మెట్ల దగ్గరికి వెళ్ళి అన్న గొంతు బాపుకు వినిపించాను.

"మంచిగున్న అని చెప్పు," అన్నాడు బాపు దగ్గుతూనే. అలాగే చెప్పాను.

బాపు మెల్లగా కోలుకున్నాడు. వానలు పడుతుండగా అన్న ఇంటికొచ్చాడు. అమ్మ అతని చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మళ్ళీ ఓడెక్కుతావా అని మేమెవరం అడగలేదు. ఆ జవాబు వినే ధైర్యం మాకు లేదు.