చాచీ ఇంటి చాప మీద ఇంగ్లీషు

ఎల్లుండి మా పాపకు ఎల్‌కేజీ సీటు కోసం ఇంటర్వ్యూ. నాలుగేళ్లు నిండని పిల్లకు ఇంటర్వ్యూ ఏమిటని మా ఆయన నవ్వి పడుకున్నారు కానీ, కేబుల్ టీవీలో బొమ్మల సినిమాలు చూసి అది నేర్చిన ఇంగ్లీషు ఆ టీచరమ్మ ముందు నోటికొస్తుందో, లేక నా కొంగు పట్టుకుని గుడ్లప్పగించి నిలబడుతుందో అని నాకు ఒకటే గుబులు. టీవీలో నేర్చిన ఇంగ్లీషుతో ఇంటర్వ్యూకు వెళ్లడమంటే ఏమిటో నాకు తెలుసు మరి.

నకిరేకల్‌లో నేను పదో తరగతి చదివేనాటికి మా వీధి మొత్తానికీ ఒక్కటే టీవీ, మేమంతా పిన్ని వరసలో చాచీ అని పిలిచే ఎదురింటామెది. చాచీ బట్టలు కుట్టేది. సాయంత్రం కాగానే మిషన్ మీద గుడ్డ కప్పి, చాపలు పరిచి అందరినీ పిలిచేది. వారానికోసారి ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. అక్కడున్న వాళ్లలో హైస్కూలు చదువు నాదొక్కదానిదే కాబట్టి నన్ను ముందు కూర్చోబెట్టి అర్థం చెప్పమనేవారు. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఆ టీవీలో వచ్చే తెలుగు సినిమాల్లోది: లాయర్ల అబ్జెక్షన్లు, పోలీసుల అరెస్టులు, హీరోయిన్ తండ్రి అరిచే గెటౌట్లు, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి డాక్టరు చెప్పే సారీలు. ఆకలికీ దాహానికీ మాటలు తడుముకోవాల్సిందే కానీ, ఎవరినైనా బోనెక్కించమంటే మాత్రం సిద్ధం. అందుకేనేమో, తెల్లవాళ్లు టీ తాగుతూ ఏం మాట్లాడుకున్నా నాకు ఆస్తి తగాదాలాగే వినిపించేది.

"ఏమంటుండే గా బట్టతలాయన?" అని మా అవ్వ అడిగేది.

"తమ్ముని పొలం తన పేర రాయించుకున్నడంట అవ్వా."

"వాని నోట్ల మన్నువడ! మొఖం జూస్తెనే తెలుస్తాంది." ఆ తమ్ముడి మీద జాలితో చాచీ కొంగుతో కళ్లు ఒత్తుకునేది.

బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉన్న మా బాపుకు, నీ బిడ్డకు ఇంగ్లీషు మస్తు సమజైతదన్నా, నల్లగొండల ఇంగ్లీషు మీడియం కాలేజీల చేర్పియ్యమని చాచీయే చెప్పింది. బాపు ఒప్పుకున్నాడు కానీ, సీటొస్తే చదువు, రాకుంటే చాచీ దగ్గర కుట్టుపని అని తేల్చేశాడు. సూదిలో దారం ఎక్కించడం కూడా చేతకాని దాన్ని నేను. చదువు ఆగితే ఏమైపోతానోనని బస్సులో నల్లగొండ దాకా రెండు ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పడుతూనే వెళ్లాను.

ప్రిన్సిపాల్ మేడం మీ ఇంటి గురించి చెప్పమని ఇంగ్లీషులో అడిగింది. బట్టీ పట్టిన రెండు వాక్యాలూ అయిపోయాక నా నోరు మూతపడింది. పక్కన బాపు చేతిసంచిని నలుపుతున్నాడు. మాట ఆగిపోతే ఏమనాలో నాకు తెలిసింది ఒక్కటే. చాచీ టీవీలో బొమ్మ ఆగినప్పుడల్లా తెరమీద వచ్చే మాట. "సారీ ఫర్ ది ఇంటరప్షన్" అని స్పష్టంగా చెప్పి, ఆ తెరలాగే కదలకుండా కూర్చున్నాను.

మేడం కళ్లద్దాలు తీసి, నీళ్లు కారేదాకా నవ్వింది. "మరి ప్రసారం మళ్ల ఎప్పుడు షురువైతది బిడ్డా?" అంది. నాకూ నవ్వొచ్చింది. చాచీ ఇంటి టీవీ సంగతంతా తప్పులతడక ఇంగ్లీషులోనే చెప్పేశాను. సీటొచ్చింది.

హాస్టల్ నుంచి దసరా సెలవులకు ఇంటికొచ్చేసరికి చాచీ నా కోసం చాపలు పరిచి ఉంచింది. ఆనాటికి నాకు కొంచెం కొంచెం నిజంగానే అర్థమవుతోంది. బట్టతలాయన తన తోటలోని గులాబీల గురించీ, తగ్గని దగ్గు గురించీ మాట్లాడుతున్నాడు. అదే చెప్పాను. అవ్వ నిట్టూర్చి, "కాలేజీకి వొయ్యి ఉన్న ఇంగ్లీషు గూడ మర్శిపోయింది పోరి" అంది.

ఆ తర్వాత ఎవరింటికి వాళ్లు టీవీలు కొనుక్కున్నారు, చాచీ ఇంట్లో చాపలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. మా పాప ఒక్కతే కూర్చుని బొమ్మల సినిమా చూస్తుంది, దానికి అన్నీ తెలిసినట్టే ఉంటాయి, ఎవరినీ ఏదీ అడగదు. దానికి సీటు రావాలని వెయ్యి దేవుళ్లకు మొక్కుతున్నాను. కానీ తెలియని భాషకు కథ కట్టుకుని, పదిమందితో కలిసి ఎవరో బట్టతలాయన్ని తిట్టిపోసే ఆ సుఖం దానికి ఏ స్కూలులో దొరుకుతుందో నాకు తెలియదు.